పాత ఇంటర్‌కామ్ బాక్స్‌కి వాయిస్ మెయిల్ పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న ఆఫీసుల్లో, నర్సింగ్ హోముల్లో, ఆడిటర్ల దగ్గర, కమిషన్ కొట్లలో, లాడ్జీల్లో గోడకి బిగించి ఉండే అనలాగ్ ఈపీఏబీఎక్స్ బాక్సుల గురించి, అంటే ఉన్న ల్యాండ్‌లైన్లని ఆఫీసులోని ఫోన్లన్నిటికీ పంచే ఇంటర్‌కామ్ బాక్సుల గురించి, ఈ పేజీ. రెండు మూడు ల్యాండ్‌లైన్లు, 8 నుంచి 24 దాకా ఎక్స్‌టెన్షన్లు, కొన్న కొట్టు మూతపడినా బాక్స్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, అలాంటివన్నమాట. ఉదాహరణలకి పానాసోనిక్ కేఎక్స్-టీఈఎస్824 తీసుకున్నాను. మన ఊళ్లలో అది బాగా కనబడుతుంది, నా చేతికి అలవాటైనదీ అదే. మ్యాట్రిక్స్, సింటెల్ లాంటి బాక్సులున్నవాళ్లు కూడా చదవచ్చు. నొక్కాల్సిన కోడ్‌లు మారతాయి, చేయాల్సిన పని మారదు.

మా బాక్స్‌కి అసలు వాయిస్ మెయిల్ వస్తుందా?

చాలావాటికి వస్తుంది. కానీ ఒక సంగతి ముందే తెలిస్తే సగం తికమక తగ్గుతుంది. ఈ తరం బాక్సుల్లో వాయిస్ మెయిల్ అనేది టేబుల్ మీదున్న ఫోన్‌లో ఉండదు, ఎక్స్‌టెన్షన్‌లో ఉండదు. అది కూడా ఇంకో ఎక్స్‌టెన్షనే. మీరు ఎత్తకపోతే బాక్స్ ఆ కాల్‌ని దానికి మళ్లిస్తుంది, అది ఎత్తి మాట్లాడుతుంది, రికార్డు చేసుకుంటుంది, ఫోన్ పెట్టేస్తుంది. ఈ నాలుగింట్లో ఏది ఆగిందో పట్టుకుంటే చాలు. "వాయిస్ మెయిల్ పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదుకి అర్థం ఎప్పుడూ వీటిలో ఒకటే.

కార్డు వేయించాలా, బయట వేరే పెట్టె కొనాలా?

టీఈఎస్824 మామూలుగా 3 లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లతో వస్తుంది. కార్డులు వేస్తే 8 లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా పెరుగుతుంది. దీనికి లోపల వేసే వాయిస్ మెసేజ్ కార్డు కేఎక్స్-టీఈ82492. రెండు చానెళ్లది, అంటే ఒకేసారి ఇద్దరే దాన్ని వాడగలరు. ఒకరు మెసేజ్ పెడుతుంటే ఇంకొకరు వింటుంటే, మూడో మనిషికి దారి లేదు. ఆరేడుగురున్న ఆఫీసుకి ఇది సరిపోతుంది.

బయట పెట్టే పెట్టె అంటే కేఎక్స్-టీవీఎం50 లాంటిది. 2 పోర్టులతో వస్తుంది, కార్డులతో 6 దాకా పెంచుకోవచ్చు. ఒక్కొక్కరికీ వేరే మెయిల్‌బాక్స్, వేరే పలకరింపు, వేరే పాస్‌వర్డ్ కావాలంటే ఇదే మేలు.

ఇవి రెండూ ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. పానాసోనిక్ ఈ బాక్సుల వ్యాపారం నుంచే తప్పుకుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే, అమ్మేవాడి దగ్గరే ఏదైనా బాక్స్‌లో పెట్టి, ఒక మెసేజ్ రికార్డు చేసి, కరెంటు తీసి మళ్లీ ఇచ్చాక అది వినబడుతోందో లేదో చూసి డబ్బులివ్వండి. లైటు వెలిగిందని కార్డు బాగున్నట్టు కాదు.

మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

ఒక కాగితం మీద ఏ జాక్‌కి ఏ ఎక్స్‌టెన్షన్ ఉందో రాసుకోండి. టీఈఎస్824లో మామూలుగా 101 నుంచి 124 వరకు ఉంటాయి, కానీ గతంలో ఎవరో మార్చి ఉండొచ్చు. తీగలన్నీ వచ్చి కలిసే క్రోన్ బాక్స్ తలుపు లోపలివైపు పాత టెక్నీషియన్ పెన్సిల్‌తో రాసిన లిస్టు ఉంటే దాన్ని ఫోటో తీసుకోండి. కానీ నమ్మకండి. ప్రతి ఫోన్ నుంచీ ఇంకో ఫోన్‌కి కాల్ చేసి సరిచూసుకోండి.

ఇంకోటి: బయటి లైను కోసం మీ దగ్గర 0 నొక్కుతారా, 9 నొక్కుతారా? ఆపరేటర్‌కి ఏది? మన ఆఫీసుల్లో రెండు రకాలూ ఉన్నాయి. పలకరింపులో "ఆపరేటర్ కోసం 9 నొక్కండి" అని రికార్డు చేసేశాక, 9 లైనుకని తెలిస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ప్రోగ్రామింగ్‌లోకి ఎలా వెళ్లాలి? పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు.

టీఈఎస్824కి అయితే మొదటి జాక్‌లో పానాసోనిక్ డిస్‌ప్లే ఫోన్ ఉండాలి. కేఎక్స్-టీ7730 సాధారణంగా ఉంటుంది. మామూలు ఫోన్ మీద ఈ పని జరగదు. ఆ ఫోన్ మీద ప్రోగ్రామ్ బటన్, తర్వాత *, #, ఆ తర్వాత సిస్టమ్ పాస్‌వర్డ్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది 1234. పది బాక్సుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ 1234 తోనే తెరుచుకుంటాయి, అది మంచి వార్తా, చెడ్డ వార్తా కూడా. దాని సంగతి కింద చెబుతాను.

పాస్‌వర్డ్ మారిపోయి, పెట్టినవాళ్లు దొరక్కపోతే బాక్స్‌ని పూర్తిగా రీసెట్ చేయాలి. అప్పుడు ఎస్‌టీడీ లాక్‌లు, రింగు ఎక్కడ మోగాలన్నది, నైట్ మోడ్ వేళలు, అన్నీ పోతాయి. అందుకే ఆ పని శనివారం సాయంత్రం పెట్టుకోండి, సోమవారం పొద్దున్న కాదు.

వాయిస్ మెయిల్ పెట్టెని ఎక్కడ కలపాలి?

ఖాళీ ఎక్స్‌టెన్షన్ జాక్‌లకి. లైన్ల వైపు కాదు. రెండు పోర్టుల పెట్టె అయితే రెండు ఎక్స్‌టెన్షన్లు దానికి పోతాయి. అందుకే 8 ఎక్స్‌టెన్షన్ల బాక్స్‌లో 8 మందీ ఉంటే ముందు ఎక్స్‌టెన్షన్ కార్డు వేయించాలి.

ఆ రెండింటినీ ఒక హంటింగ్ గ్రూపులో పెట్టండి. మొదటి పోర్టు బిజీగా ఉంటే కాల్ రెండోదానికి వెళ్లాలి కదా. గ్రూపు రకాన్ని వాయిస్ మెయిల్ అని చెప్పడం మర్చిపోకండి. మామూలు గ్రూపుగా వదిలేస్తే కాల్ వెళ్తుంది, రింగవుతుంది, పెట్టె ఎత్తుతుంది కూడా. కానీ ఎవరి మెసేజో దానికి తెలియదు. కింది ప్రశ్న అదే.

డాక్టర్ గారి ఎక్స్‌టెన్షన్‌కి చేస్తే, ఆయన ఎత్తకపోతే, మెసేజ్ బాక్స్‌కి పోకుండా "నమస్కారం, మా హాస్పిటల్‌కి స్వాగతం" అని మళ్లీ మొదటికొస్తోంది. ఎందుకు?

నా దగ్గరికొచ్చే ఫోన్లలో సగం ఇదే. "సార్, తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తోందండీ" అని రిసెప్షన్ అమ్మాయి అంటుంది.

జరిగేది ఇదీ. 105 ఎత్తలేదు, కాల్ వాయిస్ మెయిల్‌కి మళ్లింది, పెట్టె ఎత్తింది. ఆ ఎత్తిన క్షణంలో బాక్స్ దానికి ఒక సంగతి చెప్పాలి: "ఇది 105 కోసం వచ్చిన కాల్" అని. పాత అనలాగ్ బాక్సులు ఈ మాటని విడిగా డేటా తీగ మీద పంపవు. అదే మాట్లాడే తీగ మీద, మీరు ఫోన్ బటన్లు నొక్కినప్పుడు వచ్చే టోన్లతోనే పంపుతాయి. మీరు ఇంకో ఫోన్‌ని వాయిస్ మెయిల్ పెట్టె ఉన్న ఎక్స్‌టెన్షన్‌కి సమాంతరంగా కలిపి వింటే, పెట్టె ఎత్తగానే "ట్రింట్రింట్రిం" అని మూడు చిన్న టోన్లు వినబడతాయి. అవి 1, 0, 5.

పానాసోనిక్‌లో ఇవన్నీ ప్రోగ్రామ్‌లో రాసి ఉంటాయి. మెసేజ్ పెట్టడానికి వచ్చిన కాల్‌కి హెచ్, అంటే ఎక్స్‌టెన్షన్ నంబరు. మెసేజ్ వినడానికి సొంత ఫోన్ నుంచి వచ్చిన కాల్‌కి *హెచ్. వాయిస్ మెయిల్ సేవ కావాలంటే #6, ఆటోమేటిక్ ఆపరేటర్ (మనిషి బదులు తానే ఎత్తి, అడిగిన ఎక్స్‌టెన్షన్‌కి కలిపేది) సేవకి #8. పిలిచినవాళ్లు పెట్టేశారని చెప్పడానికి #9. మీ పెట్టె వేరే కంపెనీదైతే దానికీ ఇవే అంకెలు చెప్పాలి, లేకపోతే ఒకరు చెప్పేది ఇంకొకరికి తెలియదు.

అంకెలు సరిగ్గా ఉన్నా మొదటికే వస్తోందంటే, అవి మరీ తొందరగా వస్తున్నాయి. పెట్టె ఎత్తి, సర్దుకుని, వినడం మొదలుపెట్టే లోపే 1, 0 వెళ్లిపోయాయి. దానికి అందింది 5 ఒక్కటే. 5 అనే మెయిల్‌బాక్స్ లేదు, అందుకే మొదటి పలకరింపు చదువుతుంది. బాక్స్ వైపు టోన్లు పంపే ముందు ఆగే సమయాన్ని కొంచెం పెంచండి. ఒక సెకను పెంచి చూడండి, చాలకపోతే ఇంకొంచెం. మరీ పెంచితే పిలిచినవాళ్లకి ఆ టోన్లు చెవిలో వినబడతాయి, "ఇదేంటి ఫ్యాక్స్‌కి పోయిందా" అని పెట్టేస్తారు.

ఇంకో కారణం కూడా ఉంది, తక్కువే కానీ ఉంది. పెట్టెలో 105కి మెయిల్‌బాక్స్ తయారుచేయకపోవడం. బాక్స్‌లో ఎక్స్‌టెన్షన్ ఉంటే మెయిల్‌బాక్స్ దానంతటదే పుట్టదు.

ఎన్ని రింగుల తర్వాత వాయిస్ మెయిల్‌కి పోవాలి?

మన దేశంలో ఫోన్ చేసినవాళ్లకి వినబడే రింగు 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి, 2 సెకన్లు ఆగుతుంది. అంటే ఒక రింగు 3 సెకన్లు. 15 సెకన్లు పెడితే ఐదు రింగులు. కూర్చుని పనిచేసే ఆఫీసుకి ఇది చాలు. గోడౌన్‌లోనో ల్యాబ్‌లోనో ఉంటే 20, 25 పెట్టండి, చేతులు తుడుచుకుని వచ్చేసరికి కాల్ వెళ్లిపోతే వాళ్లకి మండుతుంది.

ఒక చోట జాగ్రత్త. ఆటోమేటిక్ ఆపరేటర్ ముందు ఎత్తి తర్వాత ఎక్స్‌టెన్షన్‌కి ఇస్తే, పిలిచినవాళ్లు అప్పటికే పలకరింపు అంతా విని ఉంటారు. ఆ పైన ఐదు రింగులు, ఆ పైన మెయిల్‌బాక్స్ పలకరింపు. మొత్తం ముప్పావు నిమిషం దాటితే మెసేజ్‌లు పడవు. అలాంటప్పుడు మూడు రింగులు చాలు.

ల్యాండ్‌లైన్‌ని ఎక్స్‌చేంజీ నుంచే మొబైల్‌కి ఫార్వర్డ్ చేయించాం. ఇబ్బందా?

ఇబ్బందే. ఎక్స్‌చేంజీ ఫార్వర్డ్ మీ బాక్స్ కంటే ముందే కాల్‌ని ఎత్తుకుపోతుంది. రెంటిలో ఒకటి ఉంచండి.

పలకరింపు ఎలా రికార్డు చేయాలి? ఏ భాషలో?

ముందు తెలుగు, తర్వాత కావాలంటే ఇంగ్లీషు. ఇరవై సెకన్లు దాటకుండా. ఫ్యాన్ ఆపండి, ఏసీ ఆపండి, స్పీకర్‌ఫోన్ మీద కాకుండా రిసీవర్ పట్టుకుని మాట్లాడండి. ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది, అందుకే స్టూడియోలో సంగీతం కలిపి చేయించిన పలకరింపు కూడా ఇక్కడ బకెట్లో మాట్లాడినట్టే వస్తుంది. రోజూ ఫోన్ ఎత్తే మనిషి గొంతే బావుంటుంది, పిలిచేవాళ్లకి అలవాటు కాబట్టి.

పగలు ఎత్తనప్పుడు: "నమస్కారమండీ. ఇప్పుడు సీట్లో లేను. బీప్ వినబడ్డాక మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పండి. సాయంత్రంలోపు చేస్తాను."

ఆఫీసు మూశాక: "నమస్కారమండీ. ఆఫీసు ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు. మీ పేరు, ఊరు, నంబరు చెప్పి పెట్టండి, రేపు పదకొండులోపు మేమే ఫోన్ చేస్తాం."

ఊరు అడగడం ఎందుకంటే ఒక్కో ఆఫీసుకి నలుగురు శ్రీనివాసరావులు ఫోన్ చేస్తారు. "పదకొండులోపు" అన్నారంటే చేయాలి. చేయలేకపోతే ఆ మాట తీసేయండి. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనేది మాత్రం దయచేసి వద్దు. అది విన్న ఎవరూ నమ్మరు.

పానాసోనిక్‌లో పగలు, రాత్రి, భోజనం వేళకి వేర్వేరు మోడ్‌లున్నాయి. రాత్రి పలకరింపుని నైట్ మోడ్‌కి కట్టేసి, మోడ్ దానంతటదే మారేలా గడియారం పెట్టండి. ఎవరో రోజూ బటన్ నొక్కి వెళ్తారనుకుంటే, దసరా సెలవుల్లో ఎవరూ నొక్కరు.

మెసేజ్ బాక్స్ తెరిస్తే "కీ... కీ... కీ..." అని రెండు నిమిషాల శబ్దం తప్ప ఏమీ లేదు. ఏంటిది?

అది మన బిజీ టోన్. పిలిచినవాళ్లు మాట్లాడకుండా పెట్టేశారు, ఆ సంగతి పెట్టెకి తెలియలేదు, లైను మీద వస్తున్న టోన్‌ని అలాగే రికార్డు చేసుకుంది. గంట నిల్వ ఉన్న కార్డుకి ఇలాంటివి ముప్పై పడితే నిండిపోయినట్టే. ఆ తర్వాత నిజమైన మెసేజ్ పెట్టబోయినవాళ్లకి "బాక్స్ నిండిపోయింది" అని వస్తుంది.

లోపం పెట్టెది కాదు, దేశాల మధ్య తేడాది. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. అమెరికాలో 480, 620 హెర్ట్జ్ రెండూ కలిసి, అర సెకను మోగి అర సెకను ఆగుతాయి. అమెరికా లెక్క మీద ఉన్న పెట్టె మన టోన్‌ని వింటూ కూర్చుంటుంది, అది బిజీ టోన్ అని గుర్తుపట్టదు. దుబాయ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చిన పెట్టెల్లో ఇది తప్పకుండా ఉంటుంది. సెట్టింగుల్లో దేశం ఇండియా అని ఉంటే అది పెట్టండి. లేకపోతే టోన్ వేళలు చేత్తో ఇవ్వండి. మన దగ్గర లైన్లు రద్దీగా ఉన్నప్పుడు వచ్చే టోన్ ఇంకా వేగంగా ఉంటుంది, 0.25 మోగి 0.25 ఆగుతుంది. దాన్ని కూడా చేర్చండి.

దీనికంటే మంచి పద్ధతి ఇంకోటుంది. అవతలివాళ్లు పెట్టేయగానే కొన్ని ఎక్స్‌చేంజీలు లైనులో కరెంటుని ఒక్క క్షణం తెంపుతాయి. మీ బాక్స్‌లో దాన్ని సీపీసీ అంటారు. అది వస్తుంటే టోన్ వినాల్సిన అవసరమే లేదు, బాక్స్ వెంటనే లైను వదిలేస్తుంది, పెట్టెకి #9 పంపుతుంది. ఇంకొన్ని చోట్ల తెంపరు, ప్లస్సు మైనస్సులు తారుమారు చేస్తారు. మీ లైనులో ఏది వస్తుందో చూడటానికి మల్టీమీటర్ చాలు: లైను మీద మాట్లాడుతుండగా వోల్టేజీ చూస్తూ, అవతలివాళ్లని పెట్టేయమనండి. ముల్లు ఒక్కసారి సున్నాకి పడి లేచినా, డిజిటల్ మీటర్లో గుర్తు మైనస్‌కి మారినా, మీ అదృష్టం. ఏమీ కదలకపోతే టోన్ గుర్తింపే దిక్కు. టీఈఎస్824లో దాన్ని సైక్లిక్ టోన్ డిటెక్షన్ అంటారు.

ఇవన్నీ పెట్టినా ఒకటి అదనంగా ఉంచండి. ఐదారు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే రికార్డింగు ఆపేయమని, ఒక మెసేజ్ రెండు నిమిషాలు దాటకూడదని. మూడు సెకన్ల లోపు మెసేజ్‌లని పారేసే ఏర్పాటు ఉంటే అది కూడా.

రాగి తీగ తీసేసి ఫైబర్ ఇచ్చారు. అప్పట్నుంచి వాయిస్ మెయిల్ పిచ్చిపిచ్చిగా చేస్తోంది.

చేస్తుంది. ఇప్పుడు మీ బాక్స్‌కి లైను వస్తున్నది ఎక్స్‌చేంజీ నుంచి కాదు, గోడ మీది ఫైబర్ మోడెమ్ ఫోన్ పోర్టు నుంచి. డయల్ టోన్, బిజీ టోన్, రింగు, కాలర్ ఐడీ, లైను తెంపడం, అన్నీ ఆ మోడెమే తయారుచేస్తుంది. ఒక్కో మోడెమ్ ఒక్కో రకం. పై ప్రశ్నలో చెప్పిన మల్టీమీటర్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. కాలర్ ఐడీ పోతే, అది ఇంతకుముందు డీటీఎంఎఫ్ అనే పద్ధతిలో (బటన్ టోన్లతో) వచ్చి ఇప్పుడు ఎఫ్‌ఎస్‌కే అనే ఇంకో పద్ధతిలో వస్తుండొచ్చు, బాక్స్‌లో రకం మార్చి చూడండి.

ఇంకొక్క సంగతి. రాగి తీగ ఉన్నప్పుడు ఎక్స్‌చేంజీ 48 వోల్టులు ఇచ్చేది, మీ ఇంట్లో కరెంటు పోయినా లైను బతికుండేది. ఇప్పుడు మోడెమ్‌కి కరెంటు లేకపోతే లైనే లేదు. బాక్స్‌కి యూపీఎస్ పెట్టి మోడెమ్‌ని మామూలు ప్లగ్గులో ఉంచిన ఆఫీసులు బోలెడు.

మెసేజ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? లైటు వెలగట్లేదు.

టీ7730 లాంటి కంపెనీ ఫోన్‌లో మెసేజ్ బటన్ ఎర్రగా వెలుగుతుంది. ఆ బటన్ నొక్కితే నేరుగా మీ మెయిల్‌బాక్స్‌లోకి పోతుంది. మామూలు ఫోన్లో లైటు రావాలంటే ఆ ఫోన్లో మెసేజ్ దీపం ఉండాలి, బాక్స్ దానికి తగ్గ వోల్టేజీ ఇవ్వాలి. రెండూ కలవడం అరుదు. వాళ్లకి గుర్తు వేరే: రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ తెగి తెగి వస్తుంది. జనం దాన్ని ఫోన్ పాడైందనుకుని లైన్‌మ్యాన్‌ని పిలుస్తారు. ఫోన్ మీద చిన్న స్టిక్కర్ అతికించండి: "టోన్ తెగితే మెసేజ్ ఉన్నట్టు".

మెసేజ్ విన్నాక కూడా లైటు ఆరకపోతే, మీరు విన్నారు గానీ చెరపలేదో, దాచలేదో. కొన్ని పెట్టెలు ఈ రెంటిలో ఒకటి చేసేదాకా కొత్త మెసేజ్‌గానే లెక్కేస్తాయి.

మనవాళ్లు వాయిస్ మెయిల్ పెడతారా అసలు? మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటారు కదా.

న్యాయమైన ప్రశ్న. వాయిస్ మెయిల్‌ని అమ్మకానికి తెచ్చినవాళ్లలో మొదటివాళ్లు డల్లాస్‌లోని వీఎంఎక్స్ కంపెనీ, దాన్ని పెట్టిన గోర్డన్ మాథ్యూస్‌కి 1983లో పేటెంటు వచ్చింది. ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసువాళ్లకి మెసేజ్ పెట్టుకునే ఊళ్లు అవి. మన దగ్గర ఆ అలవాటు రాకముందే సెల్‌ఫోన్లు వచ్చాయి, తర్వాత వాట్సాప్ వచ్చింది.

అందుకే నా సలహా ఇది: ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ మెయిల్‌బాక్స్ పెట్టకండి. రాత్రివేళకి ఒకటి, ఆర్డర్లు తీసుకునే సీటుకి ఒకటి, ఆస్పత్రి అయితే రిపోర్టుల కోసం ఒకటి. అంతే. ఆ మూడింటినీ రోజూ ఎవరో ఒకరు వినగలరు. ఇరవై పెడితే ఎవరూ వినరు.

పెట్టేవాళ్లు ఎలా పెడతారో కూడా ముందే తెలుసుకోండి. కమిషన్ కొట్లో వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: "అన్నా, నేనన్నా. లారీ బయల్దేరింది. చూసుకో." పేరు లేదు, నంబరు లేదు, ఏ లారీనో లేదు. గొంతు గుర్తుపట్టే మనిషి వింటేనే దానికి విలువ. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ పని అప్పగిస్తే రాసుకోవడానికి ఏమీ ఉండదు. ఇక మిగతావాటిలో చాలా భాగం "హలో... హలో... ఎవరూ ఎత్తట్లేదు రా" అని పక్కవాళ్లతో చెప్పి పెట్టేసినవే.

పాస్‌వర్డ్ మార్చకపోతే ఏమవుతుంది? మా మెసేజ్‌లు ఎవరు వింటారు?

మీ మెసేజ్‌ల కోసం ఎవరూ రారు. మీ లైను కోసం వస్తారు. బయటి నుంచి ఫోన్ చేసి మెయిల్‌బాక్స్‌లోకి దూరి, అక్కడి నుంచి ఇంకో లైను పట్టుకుని ఐఎస్‌డీ కాల్స్ చేయడం ప్రపంచమంతా ఉన్న పాత దొంగతనం. సాధారణంగా శుక్రవారం రాత్రి మొదలై సోమవారం దాకా సాగుతుంది. బిల్లు మాత్రం మీ పేరు మీద వస్తుంది.

మూడు పనులు చేయండి. సిస్టమ్ పాస్‌వర్డ్, మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్‌లు 1234, 0000, ఎక్స్‌టెన్షన్ నంబరు కాకుండా మార్చండి. వాయిస్ మెయిల్ పోర్టులున్న ఎక్స్‌టెన్షన్లకి బయటి లైను దొరక్కుండా క్లాస్ (ఏ ఎక్స్‌టెన్షన్ ఎక్కడిదాకా చేయొచ్చో చెప్పే సెట్టింగు) తగ్గించండి, వాటికి బయటికి చేసే పనేమీ లేదు. ఐఎస్‌డీ అవసరం లేకపోతే టెలిఫోన్ ఆఫీసులో చెప్పి లైనుకే మూయించండి. కొత్త పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి యజమాని బీరువాలో పెట్టండి, బాక్స్ మూత లోపల కాదు.

బయట ఉన్నప్పుడు మొబైల్ నుంచి మెసేజ్‌లు వినొచ్చా?

వినొచ్చు. ఆఫీసు నంబరుకి చేసి, పలకరింపు వస్తుండగా వాయిస్ మెయిల్ కోడ్, మీ మెయిల్‌బాక్స్ నంబరు, పాస్‌వర్డ్ నొక్కాలి. బటన్లు పట్టట్లేదంటే నెమ్మదిగా, ఒక్కోటి కాస్త నొక్కిపట్టి చూడండి.

కరెంటు పోతే మెసేజ్‌లు పోతాయా?

కార్డు రకాన్ని బట్టి. ఫ్లాష్ మెమరీ అయితే ఉంటాయి. బ్యాటరీ మీద నిలబడే పాత కార్డుల్లో ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, మెసేజ్‌లు పోతాయి. పరీక్ష తేలికే: ఒక మెసేజ్ పెట్టి, గంట సేపు ప్లగ్గు పీకి చూడండి. తేదీ, టైము కూడా వెనక్కి పోయాయా చూడండి. టైము తప్పయితే నైట్ మోడ్ మధ్యాహ్నం మొదలవుతుంది, ఎవరికీ కారణం తట్టదు.

పిడుగుల సంగతి వేరు. మే, జూన్‌లలో, మళ్లీ అక్టోబరులో, మా పని ఎక్కువగా కాలిన పోర్టులు మార్చడమే. లైను వైపు సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టించండి, దానికి ఎర్త్ సరిగ్గా ఉండాలి. ఎర్త్ లేని ప్రొటెక్టర్ గోడకి అలంకారం.

పాత మెసేజ్‌లని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా?

కార్డు నుంచి నేరుగా ఫైలుగా రావు. కావలసినవాటిని స్పీకర్ మీద వినిపించి మొబైల్‌లో రికార్డు చేసుకోండి. పెద్దాయన గొంతు ఉందని, గొడవలో సాక్ష్యమని అడిగేవాళ్లుంటారు. వాళ్లు కార్డు పీకే ముందే ఈ పని చేసుకోవాలి.

ఇంత కష్టపడే బదులు కొత్తది కొంటే?

ఎక్స్‌టెన్షన్ తీగలు బాగున్నాయి, ఫోన్లు బాగున్నాయి, ఒక్క వాయిస్ మెయిలే కావాలి అనుకుంటే మధ్యేమార్గం ఒకటుంది. ఒక చిన్న కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వేతో (మామూలు ఫోన్ తీగని కంప్యూటర్‌కి కలిపే పరికరం) మీ బాక్స్‌లోని రెండు ఎక్స్‌టెన్షన్లకి కలపండి. మెసేజ్‌లు ఈమెయిల్‌కి ఆడియో ఫైలుగా వస్తాయి, నిల్వ గొడవ ఉండదు. అందులో మన దేశపు టోన్లు ముందే రాసి ఉంటాయి. పైన చెప్పిన హెచ్, *హెచ్, #9 పాఠం మాత్రం ఇక్కడా తప్పదు, ఎందుకంటే బాక్స్ మాట్లాడేది ఆ భాషే.

రెండేళ్లలో ఆఫీసు మారబోతుంటే, లేదా ఎక్స్‌టెన్షన్లలో సగం ఇప్పటికే మూగబోయి ఉంటే, డబ్బులు ఈ బాక్స్ మీద పెట్టకండి.

అంతా అయ్యాక సరిగ్గా ఉందో లేదో ఎలా పరీక్షించాలి?

ఆఫీసు లోపల నుంచి కాదు, మొబైల్ నుంచి. ఎక్స్‌టెన్షన్‌కి చేసి ఎత్తకుండా వదిలేయండి, మెసేజ్ పెట్టండి. ఇంకోసారి చేసి, బీప్ రాగానే మాట్లాడకుండా పెట్టేయండి. మూడోసారి పలకరింపు మధ్యలో పెట్టేయండి. తర్వాత రెండు మొబైళ్ల నుంచి ఒకేసారి. ఇప్పుడు మెయిల్‌బాక్స్ తెరిస్తే మీ గొంతు ఉన్నవి మాత్రమే ఉండాలి, ఎక్కడా "కీ కీ" ఉండకూడదు. లైన్లన్నీ ఖాళీ అయ్యాయా అని ఆపరేటర్ ఫోన్ మీది దీపాలు చూడండి. ఒక్కటి వెలుగుతూ ఉండిపోయినా లైను విడుదల సరిగ్గా లేదని అర్థం, మల్టీమీటర్ తియ్యండి. ఇవే పరీక్షలు నైట్ మోడ్‌లో కూడా చేయండి. టెక్నీషియన్‌కి డబ్బులు ఆ తర్వాతే.